కొరియా, జపాన్ అందసాధనాలు: ఎక్కడ చౌకది చాలు, ఎక్కడ ఖరీదైనది తగును? (మన ఎండకి, మన రంగుకి)

మొగలిరేకు:
పది థ్రెడ్‌లలో పది ముక్కలుగా ఉన్న చర్చని ఒకచోటికి చేరుద్దామని ఇది మొదలుపెడుతున్నా. ఎస్‌కే-టూ, సల్వాసూ, క్లే ద పో లాంటివి అంత డబ్బుకి తగ్గవేనా, లేక హడా లాబో, కోస్‌ఆర్‌ఎక్స్, మిషా, క్యాన్‌మేక్‌లతో పని జరిగిపోతుందా అన్నది అసలు ప్రశ్న. ఒక్క మనవి. "సూపర్ అండీ, గ్లో వచ్చేసింది" అని రాయకండి. ఏ చర్మానికి, ఏ వాతావరణంలో, ఎంత కొలత, ఎక్కడ తేడా కొడుతుంది, ఇవి రాయండి.

కెమికల్_మాష్టారు:
ముందు పేర్ల గొడవ తేల్చుకుంటే సగం డబ్బు మిగులుతుంది. జపాన్ సీసా మీద "లోషన్" అని ఉంటే అది మనం అనుకునే పాలలాంటి లోషన్ కాదు, నీళ్ళలాంటి టోనర్. వాళ్ళు కెషోసుయి అంటారు. పాలలా ఉండేదానికి "మిల్క్" అనో "ఎమల్షన్" అనో వేస్తారు. కొరియాలో ఇంకో తిరకాసు: అక్కడ "స్కిన్" అంటే టోనర్, "లోషన్" అంటే ఎమల్షన్. హడా లాబో గోకుజున్ లోషన్ 170 మి.లీ. తెప్పించుకుని "మాయిశ్చరైజర్ అడిగితే నీళ్ళు పంపారు" అని ఒక స్టార్ ఇచ్చేవాళ్ళంతా ఈ తిరకాసులో పడ్డవాళ్ళే.

ఎసెన్స్, సీరమ్, ఆంపూల్ అన్నవాటి మధ్య చట్టం గీసిన గీత ఏదీ లేదు. కంపెనీ ఏది పెడితే అది పేరు. మూడూ వరసగా కొనక్కర్లేదు.

చట్టంలో బరువున్న మాటలు వేరే ఉన్నాయి. కొరియాలో "ఫంక్షనల్ కాస్మెటిక్" అని ముద్ర ఉంటే అందులో ప్రభుత్వం ఒప్పుకున్న పదార్థం ఒప్పుకున్న పాళ్ళలో ఉందని అర్థం. రంగు తేల్చే నియాసినమైడ్ అయితే 2 నుంచి 5 శాతం, ముడతలకి అడెనోసిన్ అయితే 0.04 శాతం. జపాన్‌లో దీనికి దగ్గరి మాట ఇయకుబుగైహిన్, అంటే మందుకీ కాస్మెటిక్‌కీ మధ్యది. ట్రానెక్సామిక్ యాసిడ్ (మచ్చలకి వాడేది) ఉన్న హడా లాబో షిరోజున్ ప్రీమియం ఆ కోవలోదే. ముందు ఈ ముద్రలు చూడండి, ఆ తర్వాత పెట్టె మీది బంగారు గీతలు చూడొచ్చు.

చిల్లరలెక్క:
సీసా ధర చూసి చౌక, ఖరీదు అనుకోవడమే మొదటి పొరపాటు. రోజుకి ఎంత పడుతుందో చూడాలి.

సన్‌స్క్రీన్‌నే తీసుకోండి. ఎస్పీఎఫ్ (ఎండ నుంచి రక్షణ చెప్పే అంకె) పరీక్ష చదరపు సెంటీమీటరుకి 2 మి.గ్రా. పూసి చేస్తారు. ముఖం సుమారు 600 చదరపు సెం.మీ. అనుకుంటే 1.2 గ్రాములు. మెడ, చెవులు కలిపితే 2 గ్రాముల దాకా. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండితే దాదాపు ఆ కొలత వస్తుంది. 50 మి.లీ. ట్యూబ్ రోజుకొకసారి రాస్తే 25 రోజులు. ట్యూబ్ 1,300 అనుకుంటే రోజుకి 52 రూపాయలు. మధ్యాహ్నం రెండోసారి రాస్తే రెట్టింపు. "నాకు ఒక ట్యూబ్ నాలుగు నెలలు వస్తుంది" అన్నారంటే వాళ్ళు రాస్తున్నది నాలుగోవంతు కన్నా తక్కువే. సగం రాస్తే రక్షణ కూడా సగానికో అంతకన్నా కిందికో పడుతుంది.

ఇప్పుడు ఎస్‌కే-టూ ఫేషియల్ ట్రీట్‌మెంట్ ఎసెన్స్. 230 మి.లీ. సీసా 18,000 అనుకుందాం, పూటకి 1 మి.లీ., రెండు పూటలు. 115 రోజులు, రోజుకి 156 రూపాయలు. భరించగలిగితే సరే. కానీ దానికి డబ్బు పోసి సన్‌స్క్రీన్ దగ్గర పిసినారితనం చేస్తే బోర్లించిన కుండ మీద నీళ్ళు పోసినట్టే.

నూనెదీపం:
విజయవాడ, నూనె చర్మం, చామనఛాయ కన్నా కొంచెం ముదురు. ఏ సన్‌స్క్రీన్ రాసినా విభూతి పూసినట్టు ఉంటుంది, లేదా అరగంటలో కళ్ళలోకి కారుతుంది. అందుబాటు ధరలో ఏది?

కెమికల్_మాష్టారు:
నూనెదీపం గారూ, విభూతి రంగు వచ్చేది జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ వల్ల. పదార్థాల జాబితాలో ఈ రెండూ లేనివి చూసుకుంటే సగం బాధ పోతుంది. బ్యూటీ ఆఫ్ జోసన్ రిలీఫ్ సన్ (బియ్యం, ప్రోబయోటిక్స్ అని రాసి ఉండేది, ఎస్పీఎఫ్ 50+, పీఏ++++) అలాంటిదే, తెల్లపూత రాదు. కాకపోతే అది క్రీము. మే నెల విజయవాడలో నూనె చర్మం మీద మెరుపు ఎక్కువైపోతుంది. మాయిశ్చరైజర్ మానేసి దాన్నే మాయిశ్చరైజర్‌లా వాడితే కొంత నయం.

కావో వాళ్ళ బియోరె యూవీ ఆక్వా రిచ్ వాటరీ ఎసెన్స్ నీళ్ళలా జారుతుంది, త్వరగా ఆరుతుంది. అందుకు కారణం ఆల్కహాల్. కళ్ళు మండేవాళ్ళు కంటి చుట్టూ ఒక వేలు వెడల్పు వదిలి, అక్కడ స్టిక్ రకం వాడండి. మైనం లాంటిది కాబట్టి చెమటతో కిందికి జారదు.

షిసేడో వాళ్ళ అనెస్సా పర్‌ఫెక్ట్ యూవీ మిల్క్ ఖరీదైన వైపు. నూనె పొరలో నీళ్ళు చిక్కిన రకం, లోపల గోళీ ఉంటుంది, ప్రతిసారీ బాగా ఊపాలి. చెమటకి, ఈతకి గట్టిగా నిలుస్తుంది. అందులో జింక్ ఉంటుంది కనుక ముదురు రంగు మీద కొద్దిగా బూడిద ఛాయ తప్పదు. బైట పని చేసేవాళ్ళకి, బీచ్‌కి, ఎండలో ఆటలకి ఆ డబ్బు తగును. ఆఫీసు ఏసీలో కూర్చునేవాళ్ళకి దండగ.

పీఏ గుర్తు గురించి కూడా చాలామంది పొరబడతారు. ఎస్పీఎఫ్ చెప్పేది ఎండకి కమిలించే యూవీబీ గురించి. పీఏ చెప్పేది మచ్చలు, ముడతలు తెచ్చే యూవీఏ గురించి. జపాన్ పద్ధతిలో ఒక ప్లస్ అంటే యూవీఏ రక్షణ అంకె 2–4, రెండు 4–8, మూడు 8–16, నాలుగు అంటే 16 ఆపైన. నాలుగో ప్లస్ 2013లో చేరింది. పదహారు ఉన్నదీ ముప్పై ఉన్నదీ ఒకే నాలుగు ప్లస్‌లు వేసుకుంటాయి. అందుకని "నాలుగు ప్లస్‌లున్నాయి కాబట్టి రెండూ ఒకటే" అనుకోలేం.

డల్లాస్_దోసె:
అమెరికాలో ఉన్నవాళ్ళకి ఒక హెచ్చరిక. జపాన్‌లో, కొరియాలో వాడే కొత్త తరం ఫిల్టర్లు (ఎండని ఆపే పదార్థాలు) చాలావాటికి ఇక్కడ ఎఫ్‌డీఏ, అంటే మందుల నియంత్రణ సంస్థ, అనుమతి లేదు. ఇక్కడి సూపర్‌మార్కెట్‌లో బియోరె యూవీ ఆక్వా రిచ్ అన్న పేరే కనబడుతుంది, లోపల ఫార్ములా వేరు. పేరు చూసి వేసుకోకుండా ఫిల్టర్ల జాబితా చూడండి. ఇండియా నుంచి వచ్చే అమ్మనో పిన్నినో తెమ్మనడం చాలామంది చేసే పనే కానీ, చేతి సంచిలో పెట్టాలంటే 100 మి.లీ. లోపు సీసాలే.

కెమికల్_మాష్టారు:
ఇంకో మాట. 2020 డిసెంబరులో బాగా పేరున్న ఒక కొరియా సన్‌స్క్రీన్‌ని యూరప్‌లో పరీక్షిస్తే 50 అని రాసి ఉన్నది 19 దగ్గర తేలింది. అమ్మకం ఆపేశారు. దాంతో కొరియావన్నీ మోసమనీ అనలేం, లేబుల్ వేదవాక్కనీ అనలేం. కొత్తగా పుట్టిన బ్రాండు, పల్చగా ఉండి అసలు రాసినట్టే తెలియని ఆకృతి, 50+ అన్న అంకె ఈ మూడూ కలిస్తే నేనైతే తొందరపడను.

సీతాఫలం:
మంగు మచ్చలకి ఇవి సరిపోతాయా?

కెమికల్_మాష్టారు:
ఒంటరిగా సరిపోవు. మంగుని పెంచేది అతినీలలోహిత కిరణాలే కాదు, కంటికి కనబడే వెలుగు కూడా, ముఖ్యంగా మన రంగు చర్మాల్లో. రంగులేని కొరియా సన్‌స్క్రీన్లు దాన్ని ఆపవు. దాన్ని ఆపేది ఐరన్ ఆక్సైడ్, అంటే ఫౌండేషన్‌కి రంగునిచ్చే పసుపు, ఎరుపు, నలుపు ఖనిజాలు. కాబట్టి కింద సన్‌స్క్రీన్ పూర్తి కొలతలో, పదినిమిషాలు ఆరాక పైన మీ రంగుకి తగ్గ ఫౌండేషనో కుషనో (స్పాంజిలో నానిన ఫౌండేషన్ డబ్బా) పల్చగా. ట్రానెక్సామిక్ ఉన్న టోనర్ తోడు పెట్టుకోవచ్చు కానీ నెలలు పడుతుంది.

మెడికల్ షాపులో డాక్టరు చీటీ లేకుండా ఇచ్చే "మూడు కలిపిన" ట్యూబుల జోలికి మాత్రం వెళ్ళొద్దు. వాటిలో హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్‌తో పాటు స్టెరాయిడ్ ఉంటుంది. మానగానే మచ్చ తిరిగొస్తుంది, చర్మం పల్చబడిపోతుంది.

ఉప్పుగాలి:
క్లెన్సింగ్ ఆయిల్ మీద అనుమానం. వైజాగ్ ఉక్కపోతలో ముఖానికి మళ్ళీ నూనె ఏమిటి? అంతగా కావాలంటే ఇంట్లో కొబ్బరినూనె ఉంది కదా?

కాటుకభరిణ:
చాలామంది తప్పు చేసేది ఇక్కడే కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తా.

కొబ్బరినూనె మేకప్‌ని కరిగిస్తుంది, నిజమే. కానీ అందులో ఎమల్సిఫయర్, అంటే నూనెని నీళ్ళతో కలిపే పదార్థం, లేదు. నీళ్ళు పోస్తే కలవదు, పొర అలాగే ఉండిపోతుంది. ఆ పొర వదిలించాలని సున్నిపిండో సబ్బో పెట్టి గట్టిగా రుద్దుతాం, చర్మం పగులుతుంది. డీహెచ్‌సీ డీప్ క్లెన్సింగ్ ఆయిల్ (ఆలివ్ నూనె ఆధారం), కోసే సాఫ్టిమో, బనిలా కో క్లీన్ ఇట్ జీరో బామ్ వీటన్నిటిలో నూనెతో పాటు నీటికి లొంగే పదార్థం ఉంటుంది. తేడా అంతా అదే.

చేసే పద్ధతి: చేతులు పొడి, ముఖం పొడి. నూనె అయితే రెండు మూడు పంపులు, బామ్ అయితే పెద్ద సెనగబద్దంత... కాదు, ఉసిరికాయలో సగమంత. ఒక నిమిషం వేళ్ళ మెత్తలతో తిప్పాలి, ముక్కు పక్కల, జుట్టు మొదట్లో మరచిపోకుండా. ఆ తర్వాత వేళ్ళు నీళ్ళలో ముంచి మళ్ళీ ముఖం మీద తిప్పాలి. నూనె పాలలా తెల్లబడుతుంది. ఇదే ఆయువుపట్టు. మరో రెండుసార్లు తడి చేసి పూర్తిగా నీళ్ళలా పల్చబడ్డాకే కడగాలి. తర్వాత నురగ వచ్చే తేలికపాటి ఫేస్‌వాష్ ఒక్కసారి.

తడి ముఖం మీద మొదలుపెడితే నూనె మేకప్‌ని పట్టుకోకముందే తెల్లబడిపోతుంది, పని జరగదు. తెల్లబడే దశ దాటేసి నేరుగా కడిగేస్తే పొర మిగిలి చెంపల మీద చిన్న చిన్న పొక్కులు లేస్తాయి. అప్పుడు "నూనె నాకు పడలేదు" అంటారు. చాలాసార్లు పడనిది నూనె కాదు, కడగడం. బోరు నీళ్ళు, అంటే ఉప్పు నీళ్ళు వచ్చే ఇళ్ళలో సరిగ్గా తెల్లబడకపోవచ్చు. ఆ ఒక్క దశకి ఫిల్టర్ నీళ్ళు గ్లాసుడు పక్కన పెట్టుకోండి.

ఇక షు ఉఏమురా లాంటి ఖరీదైన నూనెలు? వాసన బావుంటుంది, ఆకృతి పట్టులా ఉంటుంది. నిమిషంలో కాలువలో కలిసిపోయేదానికి అంత పెట్టడం నాకు నచ్చదు. ఇది నా పక్షపాతం, వాదించొద్దు :)

ఉప్పుగాలి:
వాదించను. మేకప్ లేకుండా నీళ్ళలాంటి సన్‌స్క్రీన్ ఒక్కటే అయితే?

కాటుకభరిణ:
ఫేస్‌వాష్ చాలు. చెమటకి ఆగి, మామూలు ఫేస్‌వాష్‌కి వదలని రకమైతేనే నూనె కావాలి.

చిల్లరలెక్క:
ఎస్‌కే-టూ దగ్గరికి రండి. మిషా టైమ్ రెవల్యూషన్ ఎసెన్స్‌ని అందరూ దాని "డూప్", అంటే చౌక ప్రత్యామ్నాయం, అంటారు. కోస్‌ఆర్‌ఎక్స్ గెలాక్టొమైసిస్ 95 కూడా. నిజంగా ఒకటేనా?

కెమికల్_మాష్టారు:
ఎస్‌కే-టూ 1980లో జపాన్‌లో మొదలైంది, ఇప్పుడు ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్ చేతిలో ఉంది. ఆ ఎసెన్స్‌లో 90 శాతానికి పైగా పిటెరా అంటారు. పదార్థాల జాబితాలో దాని పేరు గెలాక్టొమైసిస్ ఫర్మెంట్ ఫిల్ట్రేట్, అంటే ఈస్ట్ పులిసిన ద్రవాన్ని వడగట్టినది. సాకె (బియ్యం పులియబెట్టి చేసే జపాన్ మద్యం) కాచే ముసలివాళ్ళ చేతులు మెత్తగా ఉండటం చూసి కనిపెట్టామన్నది కంపెనీ చెప్పుకునే కథ.

కోస్‌ఆర్‌ఎక్స్‌లో లాగా జాబితాలో అదే పేరున్నంత మాత్రాన సరుకు ఒకటే కాదు. రెండిళ్ళలో తోడుపెట్టిన పెరుగు ఒకటవుతుందా? ఏ తోడు, ఎంతసేపు, ఏ వెచ్చదనం, ఎంత వడగట్టారు, వీటిని బట్టి ఆ ద్రవంలో అమైనో ఆమ్లాలు, సేంద్రియ ఆమ్లాలు మారతాయి. అలాగని ఖరీదైనదాంట్లో పదిరెట్లు గుణం ఉందనీ కాదు. చర్మం మెత్తబడటం, పై పొర నునుపు తేలడం లాంటి పనులు రెండూ చేస్తాయి. ముందు చౌకది ఒక సీసా పూర్తిగా వాడండి. అది మీ చర్మానికి పడి, ఇంకా ఏదో కావాలనిపిస్తే అప్పుడు ఖరీదైనదాని చిన్న సీసా. పులిసిన పదార్థమే పడనివాళ్ళకి పద్దెనిమిది వేలదీ పడదు.

రాసే పద్ధతిలో ఒక చిన్న సంగతి: దూది మీద పోస్తే సగం దూదే తాగేస్తుంది. అరచేతిలో పోసుకుని అద్దండి.

నూనెదీపం:
సల్వాసూ ఫస్ట్ కేర్ సీరమ్ గురించి కూడా చెప్పండి. అది టోనర్ కన్నా ముందా, తర్వాతా?

కెమికల్_మాష్టారు:
ముందే. ముఖం కడిగి తుడుచుకున్న వెంటనే రెండు మూడు పంపులు, ఆ తర్వాత టోనర్. పేరులో "ఫస్ట్" ఉన్నది అందుకే. అమోర్‌పసిఫిక్ వాళ్ళది, జిన్‌సెంగ్‌లాంటి వనమూలికలతో కొరియా సంప్రదాయ వైద్యం దారిలో చేస్తారు, దాన్ని హన్‌బాంగ్ అంటారు. మూత తీయగానే మన ఆయుర్వేదం కొట్టు గుర్తొస్తుంది, కొందరికి అదే ఇష్టం, కొందరికి తలనొప్పి. ఆ వాసనలో చేర్చిన సువాసన కూడా ఉంటుంది కాబట్టి ఎర్రబడే చర్మం, రోజేషియా (ముఖం ఎర్రబడే చర్మ జబ్బు) ఉన్నవాళ్ళు దూరంగా ఉండటం మంచిది. లగ్జరీ వైపు వెళ్ళేకొద్దీ సువాసన పెరుగుతుంది, ఇది చాలామంది గమనించరు. సున్నితమైన చర్మానికి చౌక, వాసన లేని సీసాయే చాలాసార్లు క్షేమం.

సీతాఫలం:
కొరియా సీరమ్‌లలో వేసే నత్త జిగురు? శాకాహారులు వాడొచ్చా?

మొగలిరేకు:
వాడాలా వద్దా అన్నది మీ నియమాన్ని బట్టి. నత్తని చంపకుండా తీస్తామన్నది కంపెనీల మాట, కానీ జంతువు నుంచి వచ్చేదే. కోస్‌ఆర్‌ఎక్స్ స్నెయిల్ 96లో ఆ ద్రవం 96 శాతం, 100 మి.లీ. సీసా, తడి ముఖం మీద ఒకటి రెండు పంపులు చాలు. పొడి ముఖం మీద రాస్తే జిగురు జిగురుగా సాగి, పైన సన్‌స్క్రీన్ పోగులు పోగులుగా ఊడొస్తుంది. డస్ట్ మైట్ (ఇంటి దుమ్ములో ఉండే కంటికి కనబడని పురుగు) అలర్జీ ఉన్నవాళ్ళు ముందు చేతి మీద వారం రోజులు చూసుకోవాలి, ఎందుకంటే నత్తని తిన్నప్పుడు వీళ్ళలో కొందరికి అలర్జీ రావడం తెలిసిన సంగతే. నత్త వద్దనుకుంటే హడా లాబో గోకుజునో, టొరిడెన్ డైవ్-ఇన్ సీరమో తేమ వరకు అదే పని చేస్తాయి. తేనెటీగల ప్రొపోలిస్ ఉన్న సీరమ్‌లకి కూడా ఇదే జాగ్రత్త, అది అలర్జీ తేగల సరుకే.

ఉప్పుగాలి:
ఆ పోగులు ఊడిరావడం గురించి. రబ్బరుతో పెన్సిల్ చెరిపితే రాలినట్టు రాలుతుంది. ప్రతి కాంబినేషన్‌లోనూ ఇదే గోల.

కెమికల్_మాష్టారు:
మూడు కారణాలు. పొరలు ఎక్కువవడం, కింది పొర ఆరకముందే పైది వేయడం, నీళ్ళ జెల్ మీద సిలికోన్ ఎక్కువున్నది రుద్దడం. వైజాగ్‌లాంటి చోట గాలిలోనే తేమ ఉంది, పది మెట్ల కొరియా పద్ధతి అక్కడ అక్కర్లేదు. పొద్దున ఒక్క పల్చని టోనరో సీరమో, అది అంటుకోవడం ఆగాక సన్‌స్క్రీన్ రెండు విడతలుగా, రుద్దకుండా అద్దుతూ. సియోల్ చలికాలపు పొడిగాలికి సరిపోయే పద్ధతిని సముద్రపు ఒడ్డున దించితే ఇంతే. పగలంతా ఏసీలో ఉండేవాళ్ళు మాత్రం పైన పల్చని క్రీము మూత పెట్టాలి. లేకపోతే హైలురోనిక్ యాసిడ్ (సీరమ్‌లలో నీటిని పట్టి ఉంచే పదార్థం) తెచ్చిన తేమ ఆ పొడిగాలికి ఆరిపోయి ముఖం బిగుసుకుంటుంది.

మరొకటి, టోనర్‌లో, సీరమ్‌లో, క్రీములో మూడింట్లోనూ నియాసినమైడ్ ఉంటే మొత్తం పెరిగిపోయి బుగ్గలు ఎర్రబడతాయి. జాబితాలు పక్కపక్కన పెట్టి చూడండి.

సీతాఫలం:
గర్భవతులు మానాల్సినవి?

కెమికల్_మాష్టారు:
రెటినాల్, రెటినాల్ కుటుంబానివన్నీ. బ్యూటీ ఆఫ్ జోసన్ రివైవ్ ఐ సీరమ్ పెట్టె మీద జిన్‌సెంగ్ పేరు పెద్దగా కనబడుతుంది కానీ అందులో రెటినాల్ కుటుంబానికే చెందిన రెటినాల్డిహైడ్ కూడా ఉంది, అది పక్కన పెట్టండి. తక్కినవి డాక్టరుకి చూపించి.

నూనెదీపం:
మేకప్‌కి రండి. కుషన్‌లలో మన రంగు దొరుకుతుందా?

కాటుకభరిణ:
కొరియా నంబర్లు 13, 17, 21, 23, కాస్త ముదురైతే 25, 27. అక్కడి దుకాణంలో "మామూలు" అంటే 21, "ముదురు" అంటే 23. మనలో చాలామందికి 23 కూడా పిండి రాసినట్టే ఉంటుంది, పైగా కింద గులాబీ ఛాయ. మిషా పర్‌ఫెక్ట్ కవర్ బీబీ క్రీములో 27, 31 ఉన్నాయి, గోధుమ రంగు వరకు నెట్టుకురావచ్చు. టిర్‌టిర్ మాస్క్ ఫిట్ రెడ్ కుషన్ 2024లో ఛాయలు బాగా పెంచింది, ముదురు రంగుల్లోనూ వెచ్చనివి, చల్లనివి, మధ్యస్థమైనవి విడివిడిగా ఇస్తోంది. మన పసుపు ఛాయకి వెచ్చని వరుస చూడండి. రంగు పరీక్ష మణికట్టు మీద కాదు, దవడ మీద, పగటి వెలుగులో, పదిహేను నిమిషాలు ఆగి. కుషన్‌లు ఆరాక ముదురుతాయి, ఉక్కపోతలో ఇంకొంచెం.

కుషన్ పుట్టింది 2008లో, అమోర్‌పసిఫిక్ వారి ఐఓపీఈ బ్రాండులో. ఉద్దేశం సన్‌స్క్రీన్ మళ్ళీ మళ్ళీ అద్దుకోవడం. ఇప్పుడు పెట్టె మీద ఎస్పీఎఫ్ 50 అని ఉన్నా, అద్దేది అర గ్రాము కూడా ఉండదు కనుక అదే రక్షణ అనుకోవద్దు. పఫ్‌ని నొక్కి, మూత లోపలి అద్దం మీద ఒకసారి తట్టి, ఆ తర్వాత ముఖం మీద అద్దాలి. రుద్దితే కింది సన్‌స్క్రీన్ లేచిపోతుంది. పఫ్ వారానికొకసారి సబ్బుతో ఉతికి నీడలో పూర్తిగా ఆరాకే పెట్టెలో పెట్టండి, తడి పఫ్ మూసేస్తే బూజు వాసన ఖాయం. మధ్యాహ్నం చెమటమీద మళ్ళీ కుషన్ అద్దకండి. ముందు టిష్యూతో అద్ది, సన్‌స్క్రీన్ స్టిక్ ఒక్కోచోట నాలుగుసార్లు, పైన కుషన్.

డల్లాస్_దోసె:
పౌడర్? డెకోర్టె ఫేస్ పౌడర్‌కీ క్యాన్‌మేక్ మార్ష్‌మాలో పౌడర్‌కీ తేడా ఎంత?

కాటుకభరిణ:
పొడి మెత్తదనంలో తేడా ఉంది, చేతికి తెలుస్తుంది. ఫోటోలో తెలియదు. ముఖం జిడ్డు ఆపడమే లక్ష్యమైతే ఇనిస్‌ఫ్రీ నో సీబమ్ 5 గ్రాముల డబ్బా చాలు. కానీ పెళ్ళికి వద్దు. సిలికా ఎక్కువున్న తెల్లని పొడులు ఫ్లాష్‌కి తిరిగి మెరుస్తాయి, తలంబ్రాల ఫోటోల్లో ముక్కు, నుదురు తెల్లగా పడతాయి. పెళ్ళి ముందు రోజు చీకటి గదిలో ఫోన్ ఫ్లాష్‌తో ఒక ఫోటో తీసి చూసుకోండి. రంగు కలిసిన పొడి అయితే ఆ బాధ తక్కువ.

డబ్బు ఖర్చు పెట్టదలిస్తే నేను పెట్టేది కన్సీలర్‌కి. క్లే ద పో స్టిక్ కన్సీలర్ గుండుసూది తలంత చాలు, కళ్ళ కింద గీతల్లో చేరదు, ఏళ్ళు వస్తుంది. ఛాయ దొరికితేనే.

లిప్ టింట్‌ల విషయంలో ఆన్‌లైన్ రంగు నమ్మొద్దు. అవి లేత పెదవుల మీద చూపించినవి. మన పెదవులకి ముదురు అంచు ఉంటుంది, పీచ్, లేత బీజ్ వేస్తే బూడిదగా తేలతాయి. రోమాండ్ జ్యూసీ లాస్టింగ్ టింట్‌లో ఫిగ్‌ఫిగ్, జుజుబ్ (మన రేగుపండు రంగే) లాంటివీ, పెరిపెరా ఇంక్ వెల్వెట్‌లో ఇటుక, ఎరుపు రంగులూ మనకి నప్పుతాయి. పెదవి పొడిబారి ఉంటే రంగు పొలుసుల్లో చేరి మచ్చలు కడుతుంది. ముందు బామ్, అయిదు నిమిషాలకి తుడిచేసి, అప్పుడు లోపలి నుంచి బైటికి.

మస్కారా కొనేటప్పుడు "ఫిల్మ్" రకమా "వాటర్‌ప్రూఫ్" రకమా చూడండి. జపాన్ ఫిల్మ్ రకం చెమటకి, జిడ్డుకి ఆగుతుంది, 38–40 డిగ్రీల గోరువెచ్చని నీళ్ళకి గొట్టాల్లా జారిపోతుంది. హీరోయిన్ మేక్ వాటర్‌ప్రూఫ్ రకం వానలోనూ కదలదు, కానీ నూనె లేకుండా పీకితే రెప్పలు వస్తాయి.

చిల్లరలెక్క:
నకిలీల గురించి ఎవరూ రాయలేదు. మన దేశంలో 2020 నాటి కాస్మెటిక్స్ నియమాల ప్రకారం దిగుమతి సరుకుకి రిజిస్ట్రేషన్ ఉండాలి. పెట్టె మీద అతికించిన స్టిక్కర్‌లో దిగుమతిదారు పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు, ఎమ్మార్పీ ఉండాలి. సగం ధరకి, స్టిక్కర్ లేకుండా, పెట్టె విప్పి వస్తే వెనక్కి పంపండి.

తేదీలు చదవడం: కొరియాలో సంవత్సరం, నెల, రోజు ఆ వరసలో ఉంటుంది. పక్కన "జేజో" అన్న కొరియా మాట ఉంటే తయారీ తేదీ, "గ్గాజి" ఉంటే అప్పటి వరకు అని. ఆ రెండూ తారుమారు చేసుకుని కొత్త సీసాని పాతదని పారేసేవాళ్ళున్నారు. జపాన్ సరుకు మీద తేదీయే లేకపోవచ్చు. తెరవకుండా మూడేళ్ళకి పైగా నిలిచేవాటికి అక్కడ తేదీ వేయాల్సిన పని లేదు, నకిలీ అని భయపడొద్దు.

మొగలిరేకు:
దీనికి అనుబంధంగా ఒకటి, గట్టిగానే. కొరియా, థాయ్, పాకిస్తాన్ పేర్లతో చిన్న గాజు డబ్బాల్లో వచ్చే "వారంలో తెలుపు" క్రీములు ఈ థ్రెడ్‌లో మాట్లాడే సరుకు కాదు. 2023లో కేరళ మలప్పురంలో అలాంటి క్రీములు వాడినవారిలో మెంబ్రేనస్ నెఫ్రోపతి అన్న కిడ్నీ జబ్బు బైటపడింది. కారణం పాదరసం. మన నియమాల్లో అనుకోకుండా చేరిన పాదరసం కూడా 1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) మించకూడదు. "కాలొమెల్", "మెర్క్యూరిక్", "మెర్క్యూరస్" అన్న మాటలు కనబడినా, అసలు పదార్థాల జాబితాయే లేకపోయినా కొనొద్దు. వాడి ఉంటే ఆపి, మూత్రంలో నురగ, కాళ్ళ వాపు ఉంటే డాక్టరుకి ఆ డబ్బాతో సహా చూపించండి.

సీతాఫలం:
చివరగా ఒకటి. ఇవన్నీ ఎక్కడ పెట్టాలి? ఫ్రిజ్‌లోనా?

కెమికల్_మాష్టారు:
చాలావాటికి చీకటి అల్మారా చాలు, బాత్రూమ్ వద్దు. రొహ్టో మెలానో సీసీ లాంటి విటమిన్ సి మాత్రం ఫ్రిజ్ తలుపులో పెడితే నయం. లేత పసుపు పర్లేదు, గోధుమ రంగుకి తిరిగితే పారేయండి. షీట్ మాస్కులు ఫ్రిజ్‌లో పెట్టడం హాయి కోసమే. సన్‌స్క్రీన్‌ని స్కూటర్ డిక్కీలో, కారు డ్యాష్‌బోర్డులో ఉంచొద్దు. వేడికి విడిపోయి పైన నూనె తేలితే మళ్ళీ కలిపి వాడకండి, ఫిల్టర్ ఒకచోట చిక్కగా ఒకచోట పల్చగా పడుతుంది. గోళీ ఉండి ఊపి వాడేవి వేరు, అవి విడిపోయేలాగే చేసినవి.